కాడి ఎక్కని టైర్లు

మామిడిపల్లి కుర్మయ్య ఎద్దు నోట్లో చెయ్యి పెట్టాడంటే దాని జాతకం చెప్పి గానీ బయటికి తీసేవాడు కాదు. పళ్లు చూసి వయసు, సుళ్లు చూసి గుణం, తోక మెలిపెట్టి చురుకు. ఎద్దుల అంగడికి పోయే ప్రతివాడూ ఆయన్ని వెంటబెట్టుకునే పోయేవాడు. ఇంతలో ఎయిర్‌పోర్టు వచ్చింది, పొలాలు ప్లాట్లయ్యాయి, ఎద్దులు మాయమయ్యాయి, కుర్మయ్య మాత్రం మిగిలాడు. నేర్చిన విద్య ఊరికే పోతుందా? ఊళ్లో ఎవరు ఫ్రిజ్ కొన్నా, బోరు మోటారు కొన్నా ముందు ఈయన వెళ్లి చరిచి చూసేవాడు. తోక లేదు గనక ఫ్రిజ్ బతికిపోయింది.

2012లో వానలకు ముందు ఆయన కూతురు పూర్ణిమ కారు టైర్లు బోడిగుండ్లయ్యాయి. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం చేస్తూ ఆ పిల్ల తన జీతంతో కొనుక్కున్న పాత కారు అది.

"నువ్వు సదువుకున్నదానివి, నిన్ను మోసం జేస్తరు. నేను తెస్త," అని కుర్మయ్య బయల్దేరాడు. గగన్‌పహాడ్‌లో మూతబడ్డ ఓ గోదాములోంచి నాలుగు టైర్లు ఆటోలో వేసుకొచ్చాడు. ఒక్కటీ రోడ్డు మొహం చూడలేదు. వాటి మీది సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. కాడి ఎక్కని కోడెలు దొరికినంత సంబరపడ్డాడు.

శంషాబాద్‌లో టైర్ల దుకాణం నడిపే నిసార్ వాటిని బిగించనన్నాడు. టైరు పక్క తుడిచి, అచ్చుపోసిన నాలుగంకెలు చూపించాడు.

"కాకా, ముందు రెండంకెలు వారం, ఎన్కవి పుట్టిన సాలు. ఇది రెండువేల మూడుల పుట్టింది. రబ్బరు ఎండిపోయింది, జర ఆ గాడిల పగుళ్లు చూడు."

"ఒక్కనాడన్న పని చెయ్యలేదు గదరా! పని చెయ్యంది ముసలిదెట్లయితది?"

"మా మామ గూడ జిందగీల పని చెయ్యలే కాకా. ముసలోడు కాలేదా?"

కుర్మయ్యకి తిక్క రేగింది. అడిగింది బిగించే ఇంకొకడు పక్క వీధిలోనే దొరికాడు. "ఇయ్యాల నేనే నడిపి సూపిస్త, రేపటిసంది నువ్వు తీస్కపో," అని కూతురితో అన్నాడు. భార్య శివమ్మ వచ్చి పక్క సీట్లో కూర్చుంది. నువ్వెందుకంటే, "నీ తెలివి ఏడిదాక పోతదో సూస్త," అంది.

గగన్‌పహాడ్ దాకా పోయింది. ఎండకి రోడ్డు పెనంలా కాలుతోంది. ఉన్నట్టుండి ఎడమవైపు ముందు టైరు పైపొర ఊడి టపటపా కొట్టుకుంది, మరుక్షణం టైరు పేలింది. కారు ఈడ్చుకుపోయి రోడ్డు పక్క మట్టికుప్పకి గుద్దుకుని ఆగింది. శివమ్మ నుదుటి మీద బొప్పి కట్టింది. ఆమె ఆయన తాతముత్తాతల్ని వరస తప్పకుండా తిట్టడం మొదలుపెట్టింది.

కుర్మయ్యకి ఒక్క తిట్టూ వినపడలేదు. రేపు ఈ స్టీరింగు ముందు పూర్ణిమ కూర్చునేది. పక్కన లారీలు. కారు దిగి, ఆ మట్టి మీదే కూలబడి, అంత మనిషీ బిడ్డ పేరు తలుచుకుని ఏడ్చాడు. శివమ్మ తిట్లు మధ్యలో ఆపి కొంగుతో ఆయన మొహం తుడిచింది. మిగిలినవి ఇంటికి పోయాక పూర్తి చేసింది.

మర్నాడు నిసార్ దుకాణంలో, తండ్రి పక్కనుండగా, పూర్ణిమ ఒక్కో టైరూ తిప్పి చదివింది. అన్నీ ఆ ఏడు తయారైనవే. ఒకదానికి అరుగుదల అంకె పెద్దది, అంటే ఎక్కువ కాలం వస్తుంది, కానీ తడి రోడ్డు మీద పట్టు చెప్పే అక్షరం సి. ఇంకొకటి త్వరగా అరిగేదే, పట్టు మాత్రం ఏ. వేడిని ఎంత తట్టుకుంటుందో చెప్పే అక్షరం కూడా దానికే మెరుగు. పూర్ణిమ ఆ రెండోదాని మీద చెయ్యి వేసింది.

అదే సమయానికి వాళ్ల ఊరి యాదయ్య తన కారుకి టైర్లు కొనడానికి వచ్చాడు. కుర్మయ్యని చూసి మొహం విప్పారింది.

"మంచిగ దొరికినవే కుర్మన్నా! గీటిల ఏది మంచిదో జర జెప్పు."

కుర్మయ్య చెయ్యి అలవాటుగా టైరు మీదికి పోయింది. చరచకుండానే వెనక్కొచ్చింది.

"నాకు తెల్వదు," అన్నాడు, దుకాణంలో అందరికీ వినపడేలా. "మా బిడ్డనడుగు."