నీళ్ళ కింది ఊరు

లసుమవ్వ చిన్నప్పుడే ఆమె ఊరు మానేరు జలాశయంలో మునిగింది. కరీంనగర్‌లో బట్టలు కుట్టుకుని బతుకుతున్న ఆమె పక్కగదిలోకి సెనోవారా అనే రోహింగ్యా స్త్రీ వచ్చింది. బర్మాలో సైన్యం ఇల్లు తగలబెడితే పారిపోయి వచ్చింది. చిత్తుకాగితాలు ఏరుకునేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఒక మధ్యాహ్నం లసుమవ్వ ఆమెను జలాశయం కట్ట మీదికి తీసుకెళ్ళి, మెరుస్తున్న నీళ్ళను చూపించింది.

"గా నడిమిట్ల మా ఇల్లుండె బిడ్డా. ఇప్పటికీ కలలోపట వాకిలి ఊడుస్త."

సెనోవారా చాలాసేపు చూసింది. నీళ్ళ అడుగున తన ఊరి పోకచెట్లు ఊగుతున్నట్టు అనిపించింది.

"నాకు కూడా వస్తది అవ్వా, కల," అంది వచ్చీరాని తెలుగులో.

మర్నాటి నుంచి లసుమవ్వ ఆమెకు కుట్టు నేర్పింది. వాడలో అడిగి ఒక పాత మిషన్ తెచ్చిచ్చింది. ఇప్పుడిద్దరూ బడిపిల్లల యూనిఫారాలు కుడతారు. కుడుతూ సెనోవారా తన భాషలో సన్నగా పాడుతుంది. అర్థం కాకపోయినా లసుమవ్వ తలూపుతూ వింటుంది.