కారు సాఫీగా పోవాలట

మా ఇంటికి కంప్యూటరు నా ఉద్యోగం పేరు చెప్పుకుని వచ్చింది.

మాదాపూర్ బండరాళ్ళ మధ్య గుండ్రటి అద్దాల భవనం కొత్తగా లేచిన రోజులవి. చుట్టుపక్కల ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాకు పని. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పిచ్చెక్కిపోతాయని లోకమంతా హడలిపోతుంటే, ఆ హడలు మీద జీతం తీసుకునేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. పాత ప్రోగ్రాముల్లో రెండంకెలున్న సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యాలి, అంతే. "ఇంట్లో కూడా ప్రాక్టీసు ఉంటే నీ కెరీర్‌కి మంచిది" అని మా ఆయన సికింద్రాబాద్ వెళ్ళి, దగ్గరుండి బిగింపించుకుని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. నా కెరీర్ మీద ఉన్న శ్రద్ధ కొద్దీ అందులో ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కూడా వేయించారు. తారీఖులు దిద్దడానికి త్రీడీ కొండలూ, కార్ల నీడలూ అంత అవసరమని నాకు అప్పటిదాకా తెలియదు.

మా ఆయన ప్రభుత్వ ఇంజనీరు. ఇద్దరిదీ గోదావరి వైపే. మూసాపేటలో ఒక మేడ మీది పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. కింద ఇంటి ఓనరమ్మ ఉండేది. ఆవిడది ఆ చుట్టుపక్కలే పుట్టిల్లు. మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా మా గుమ్మంలో కాసేపు నిలబడి మా సంసారం ఎలా నడుస్తోందో చూసి వెళ్ళేది.

కంప్యూటరుతోపాటు ఒక కార్ల పందెం ఆట వచ్చింది. మా ఆయన దాన్ని ఆడారనుకుంటే పొరపాటు. పందెం మొదలయ్యేది, కారు మొదటి మలుపు దాకా వెళ్ళేది, అక్కడ ఆయన మొహం చిట్లించి ఆపేసేవారు. "చూశావా, బొమ్మ తెగింది" అనేవారు. నిజమే, కారు వేగంగా తిరిగినప్పుడు తెర మధ్యలో అడ్డంగా గీత గీసినట్టు పైసగం ఒకవైపు, కిందిసగం ఒకవైపు జరిగేవి. కారు పైకప్పు ఒక ఊరికీ చక్రాలు ఇంకో ఊరికీ బయల్దేరినట్టుండేది. వెంటనే ఆట మూసి సెట్టింగుల్లోకి వెళ్ళేవారు. మళ్ళీ ఆట, మళ్ళీ మొదటి మలుపు, మళ్ళీ సెట్టింగులు.

తన బల్ల మీద ఫైలు నెలలపాటు కదలకపోయినా చలించని మనిషి, తెర మీద కారు కనురెప్పపాటు తడబడితే తట్టుకోలేకపోయేవారు. తెర మూలన సెకనుకి ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చూపించే అంకె ఒకటి పెట్టుకున్నారు. కారు గోడకి గుద్దుకుంటున్నా ఆయన కళ్ళు ఆ అంకె మీదే ఉండేవి.

ఓనరమ్మ ఒకరోజు గుమ్మంలో నిలబడి అడగనే అడిగింది. "ఏందమ్మా, సారు పొద్దుగాల్నుంచి కారు తోలుతనే ఉన్నడు. గా బండి యాడికీ పోతలేదేంది?"

"ఇంకా బయల్దేరలేదండీ" అన్నాను.

ఆ తర్వాత ఒకనాడు మా ఆయన మొహం వెలిగిపోయింది. సమస్య తేలిపోయిందట. సింక్ అని ఒకటి ఉంటుందట. మానిటరు ఒక బొమ్మ గీయడం పూర్తయ్యాకే కార్డు తరువాతి బొమ్మ ఇస్తుందట, కాబట్టి ఇక తెగదట. అంకె అరవై దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. మొదటి మలుపు దాకా కారు నిజంగానే నూనె మీద జారినట్టు పోయింది. ఆయన అంత ఆనందంగా ఉండటం మా పెళ్ళిలో కూడా చూడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు తలనొప్పి మొదలైంది.

శని, ఆదివారాలు ఇంట్లో కూర్చుని పని చేసుకుంటే చాలు, కణతలు పగిలిపోయేవి. కళ్ళు మండేవి. మా ఆయన పాపం సెలవు పెట్టి మరీ నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు అక్షరాలు చదివించి, కళ్ళద్దాలు రాశారు. మా ఆయన నాకు నప్పే ఫ్రేమ్ ఎంచడంలో ఎంతో ఓపిక చూపించారు. అద్దాలు పెట్టుకున్నాక నా తలనొప్పి ఇంకా స్పష్టంగా కనబడింది. ఓనరమ్మ ఊరుకోలేదు. "జర కూసో బిడ్డా, దిష్టి తీస్త. కంప్యూటర్ కొన్నరని గల్లీల అందరి కండ్లు మీ మీదనే ఉన్నయి" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పారేసింది. దగ్గు అదనంగా వచ్చింది.

ఆఫీసులో రోజంతా కంప్యూటరు ముందే ఉంటాను కదా, అక్కడ ఎందుకు రాదు? ఈ అనుమానం నాకు ఆలస్యంగా వచ్చింది. నా పక్క సీటు అబ్బాయిది మణికొండ. అప్పటికింకా అది పొలాలూ రాళ్ళూ ఉన్న ఊరే. మంచి ప్రోగ్రామరు, లంచ్ టైములో మాత్రం ఎవరూ చూడకుండా ఆఫీసు నెట్‌వర్కు మీద తుపాకుల ఆట ఆడేవాడు. నా గోడు విని ఒకటే మాట అడిగాడు.

"అక్కా, ఇంట్ల మానిటర్ రిఫ్రెష్ ఎంతల పెట్టిండు సారు?"

"ఏమో, ఏదో అరవై అరవై అని పొద్దస్తమానం జపం చేస్తారు."

"ఇగ నొప్పి రాక ఏమైతది! తెర సెకనుకు అరవై సార్లే గీసుకుంటే ట్యూబ్‌లైట్ కొట్టుకున్నట్టే కొట్టుకుంటది. ఇక్కడ మనది ఎనభై అయిదు. ఫికర్ చెయ్యకు, మార్చెయ్."

శనివారం పొద్దున మా ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. "ఏవండీ, మానిటర్ రిఫ్రెష్ మీరేమైనా తగ్గించారా?"

"తగ్గించాను. ఎనభై అయిదులో ఉండేది. కార్డుకి అంత శక్తి లేదు. సింక్ పెడితే అంకె సగానికి పడిపోతోంది. అరవైలో అయితే సరిగ్గా కుదిరింది" అన్నారు, శభాష్ అంటానని ఎదురుచూస్తూ.

"అది మినుకుమినుకుమంటోంది. నా తలనొప్పి దానివల్లే."

"నాకేం కనబడటం లేదే!"

"తెరని చూడకండి. పక్కన గోడ మీద క్యాలెండర్ చూడండి. చూస్తూ, కంటి చివరనుంచి తెరని గమనించండి."

ఆయన క్యాలెండర్ వైపు తల తిప్పారు. కాసేపటికి మొహంలో రంగు మారింది. తెల్లటి తెర గాలికి దీపంలా కొట్టుకోవడం ఆయనకీ కనబడింది. డాక్టరు దగ్గర నా పక్కన కూర్చున్న మనిషి, కళ్ళజోడు దుకాణంలో అద్దం పట్టుకుని నిలబడ్డ మనిషి, ఒక్కసారిగా అన్నీ కలుపుకున్నట్టున్నారు. "అయ్యో" అన్నారు మెల్లగా. ఆ అయ్యోతో నా కోపం సగం పోయింది. వెంటనే "అయితే ఇప్పుడు కారు?" అన్నారు. పోయిన సగం తిరిగొచ్చింది.

ఎనభై అయిదుకి మార్చారు. నా తలనొప్పి తగ్గింది, ఆయనకి మొదలైంది. కారు కుంటుతోంది, సింక్ తీసేస్తే తెగుతోంది. అన్నం ముందు కూర్చుని కూడా నిట్టూర్చేవారు. ఆ నిట్టూర్పులు భరించలేక మణికొండ అబ్బాయిని ఆదివారం టిఫినుకి పిలిచాను.

అతను పెసరట్టు తిని, సెట్టింగులు తెరిచి, కసాయివాడిలా ఒక్కొక్కటే నరకడం మొదలుపెట్టాడు. బొమ్మ సైజు తగ్గించాడు. నీడలు తీసేశాడు. చెట్లు తీసేశాడు. దూరంగా కనబడే కొండల్ని పొగమంచుతో కప్పేశాడు.

మా ఆయన విలవిల్లాడారు. "కొండలేవయ్యా? అవి చూడటానికే కదా కార్డు కొన్నది!"

"సార్, సాఫీగ పోవాల్నా, కొండలు కావాల్నా? రెండూ అంటే కాదు. మా దిక్కు అసలు కొండలనే పేల్చి బిల్డింగులు కడుతున్నరు, మీరు బొమ్మ కొండలకు పరేషాన్ అయితున్నరు" అన్నాడతను. నవ్వుతూనే అన్నాడు కానీ, మాదాపూర్ వైపునుంచి బస్సులో వచ్చేటప్పుడు రోజూ వినే పేలుళ్ళు నాకు గుర్తొచ్చాయి.

సెట్టింగులు అయ్యాయి. "అక్కా, నువ్వొకసారి నడుపు. నీ కండ్లకే కదా ఇదంతా" అన్నాడు.

అప్పటిదాకా ఆ ఇంట్లో ఆ ఆటని నేను ముట్టుకోలేదు. కూర్చున్నాను. మొదటి మలుపు వచ్చింది. అలవాటు కొద్దీ ఎవరో ఆపేస్తారనుకున్నాను. ఎవరూ ఆపలేదు. మలుపు తిరిగితే ఒక వంతెన ఉంది! దాని తర్వాత సొరంగం, సొరంగం అవతల సముద్రపు ఒడ్డున దీపాల బజారు. ఇన్ని వారాలుగా మా ఇంట్లో ఉన్న ఆటలో ఇవన్నీ ఉన్నాయని ఎవరికీ తెలియదు. గుద్దుకుంటూ, గడ్డిలో పడుతూ, లేస్తూ, పళ్ళు బిగించి తోలాను. మూడో స్థానంలో వచ్చాను. గుండె దడదడలాడుతోంది. ఎప్పుడు లేచి అరిచానో తెలియదు, కిందనుంచి ఓనరమ్మ "ఏమైందమ్మా" అంటూ పరిగెత్తుకొచ్చింది.

మా ఆయన నా వెనకే నిలబడి ఉన్నారు. "అంకె ఎక్కడా పడిపోలేదు" అన్నారు తన్మయంగా.

"మీరు సముద్రం చూశారా?" అన్నాను.

"సముద్రమా? ఎక్కడ?"

మణికొండ అబ్బాయిని బస్సెక్కించి వచ్చాక మా ఆయన నన్ను పక్కకి జరగమన్నారు. మూలనున్న అంకెని నేనే తీసేశాను. ఆయన ఒక్క క్షణం తాళంచెవి పోగొట్టుకున్నవాడిలా చూసి, ఆట మొదలుపెట్టారు. మొదటి మలుపు దాటారు. వంతెన మీద రెండుసార్లు తిరగబడ్డారు. సొరంగంలో వెనక్కి నడిపారు. అందరికంటే ఆఖరున, మిగతా కార్లన్నీ ఇళ్ళకి వెళ్ళిపోయాక, గమ్యం చేరారు. ఓనరమ్మ అప్పటిదాకా గుమ్మంలోంచి కదల్లేదు.

"వచ్చిండా సారు?" అంది.

"వచ్చారండీ" అన్నాను.