రేపు మాస్టారి హిప్నాటిజం

ఆ వీధిలో దర్జీని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన రేపు మాస్టారే. బట్ట ఎప్పుడిచ్చినా, ఎన్నిసార్లు వచ్చి అడిగినా, పళ్ళ మధ్య గుండుసూదులు కరిచిపట్టుకుని "రేపు రండి" అంటాడు. నోట్లో సూదులుండగా ఈ రెండు మాటలే క్షేమంగా బయటికొస్తాయని సమర్థించుకుంటాడు. రేపు అనని దర్జీ ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్ళి దణ్ణం పెట్టుకొద్దాం.

అందువల్లే మాస్టారి చెయ్యి పనిచెయ్యడం మానేసిన సంగతి చాలా రోజులు బయటపడలేదు. ఆయన రేపు అన్నాడు, జనం అలవాటుగా విసుక్కుంటూ వెళ్ళిపోయారు. ఎప్పటిలాగే బల్ల మీద గుడ్డ పరిచేవాడు, సుద్దతో గీతలు గీసేవాడు, పెద్ద కత్తెర తెరిచి గుడ్డ అంచుకి ఆనించేవాడు. అంతే. వేళ్ళు ముడుచుకునేవి కావు. కాగితమైతే కోసేవాడు, ఇంట్లో కూరగాయలు సన్నగా తరిగిపెట్టేవాడు. గుడ్డ కనబడితే మాత్రం చెయ్యి మొరాయించేది. గుండీలు కుట్టి, జిప్పులు మార్చి కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. ఈలోగా బల్ల కింద కోయని గుడ్డలు గుట్టపడ్డాయి. కొందరు తమ గుడ్డ తాము వెనక్కి తీసుకుని పక్కవీధి దర్జీ దగ్గరికి దారి తీశారు. ఈ చెయ్యి ఇలాగే ఉండిపోతే కొట్టుకి తాళం వేసుకోవలసిందే. ఆ మాట తలుచుకుంటే మాస్టారికి అన్నం దిగేది కాదు.

ఎముకల డాక్టరు ఆ చేతిని అటు తిప్పి ఇటు తిప్పి, పిడికిలి బిగించమని, చూపుడు వేలితో ముక్కు ముట్టుకోమని చెప్పి, చివరికి తేల్చేశాడు. "మీ చెయ్యి నా చేతికంటే బాగుంది. అడ్డమేదో మనసులో ఉన్నట్టుంది." అని, హిప్నాటిజంతో వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమన్నాడు.

ఈ కబురు వినగానే మాస్టారి బావమరిది పరుగెత్తుకొచ్చాడు. ఇతను లిఫ్టులు బాగుచేస్తాడు. లోకంలో ప్రతి విషయమూ అతనికి సగం తెలుసు, మిగతా సగం ధైర్యంతో పూరిస్తాడు.

"బావా, నేను కళ్ళారా చూశాను. స్టేజీ మీద ఒక బ్యాంకు గుమాస్తాని హిప్నాటిజం చేసి కోడిని చేశారు. కొక్కొక్కో అంటూ కుర్చీల మధ్య తిరిగాడు పాపం. ఇప్పటికీ కౌంటరు దగ్గర ఆయన్ని గుడ్లున్నాయా అని అడుగుతారు."

"కోడినైతే అయ్యాన్లే. చెయ్యి బాగుపడితే చాలు," అన్నాడు మాస్టారు.

"అదొక్కటే అయితే పర్లేదు. ఒక్కసారి కళ్ళు మూయించారంటే కడుపులో ఉన్నదంతా కక్కించేస్తారు. అబద్ధం ఆడదామన్నా నోరు రాదు."

మాస్టారి కడుపులో ఉన్నది ఒకే ఒక్క సంగతి. ఆ సంగతి సరిగ్గా ఎవరికి తెలియకూడదో, ఆవిడ ఆయన పక్కనే కూర్చుని తమ్ముడి మాటలు శ్రద్ధగా వింటోంది.

మాస్టారి భార్య బడిపంతులమ్మ. పెళ్ళైన కొత్తలో మాస్టారు తన చేత్తో కొలిచినప్పుడు ఆవిడ నడుం ఇరవై ఎనిమిది అంగుళాలు. కొన్నేళ్ళకి "ఏమండీ, నేను కాస్త ఒళ్ళు చేశానా?" అని అడిగింది. మాస్టారు టేపు తన వైపు తిప్పుకుని చూసి "అబ్బే, అదే ఇరవై ఎనిమిది" అన్నాడు. నిజానికి అప్పటికే ముప్పై. ఆ మాటకి ఆవిడ మొహం ఎంత విప్పారిందంటే, ఆ తర్వాత ఎప్పుడడిగినా ఆయన నోటికి ఇంకో అంకె రాలేదు. పిల్లలు పుట్టారు, చదువులకి వెళ్ళారు, అంకె కదల్లేదు. ఆవిడ గౌన్లు బిగుతైనప్పుడల్లా, గుండీ వేస్తానన్న వంకతో కొట్టుకి తీసుకెళ్ళి కుట్లు విప్పి కాస్త వదులు చేసి తెచ్చేవాడు. దర్జీ పెళ్ళాం రెడీమేడ్ కొంటే పరువేం కావాలని ఆవిడ బయట ఎక్కడా కొనుక్కునేది కాదు, కాబట్టి పట్టుబడే ప్రమాదమే లేదు. స్టాఫ్ రూంలో మాత్రం మిగతా టీచర్లకి ఈ ఇరవై ఎనిమిది గురించి పాఠాలే చెప్పేది.

కొంప మునిగింది ఈమధ్యనే. సెలవుల తర్వాత ఆవిడ హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చోబోతోంది. మొదటి రోజుకి కొత్త గౌను కావాలనుకుని, నీలం రంగు గుడ్డ తనే ఎంచి తెచ్చింది. తానులో అదే చివరి ముక్క. "కొంచెం తక్కువుందమ్మా అన్నాడు కొట్టువాడు. నా కొలతకి సరిగ్గా సరిపోతుందని పట్టుబట్టి తెచ్చాను," అని మురిసిపోతూ బల్ల మీద పరిచింది. మాస్టారు చూపుతోనే కొలిచాడు. ఇరవై ఎనిమిదికి సరిగ్గా సరిపోతుంది. ఉన్న మనిషికి చాలదు. కత్తెర తెరిచాడు. ఆ తెరిచిన కత్తెర ఆ రోజునుంచి ఏ గుడ్డ మీదా మూసుకోలేదు.

ఇదీ ఆయన కథ. ఇప్పుడు డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరుతుంటే ఆవిడ కూడా చెప్పులేసుకుంది.

"నువ్వెందుకు? ఎండలో."

"మిమ్మల్ని కోడిని చేసి పంపిస్తే ఇంటికెవరు తీసుకొస్తారు?" అంటూ ఒక నీళ్ళ సీసా కూడా సంచిలో పెట్టుకుంది. ఆయన మేలుకోకపోతే మొహాన చల్లడానికట. తమ్ముడి సలహా.

డాక్టరమ్మ గదిలో ఊగే గడియారం లేదు, నల్లటి తెరలు లేవు. ఒక మెత్తటి కుర్చీ, కిటికీలో నీళ్ళు పోయక వాడిపోయిన మొక్క, కిర్రుమంటున్న ఫ్యాను. ఆమె మాస్టారి చెయ్యి సంగతి విని, భయాలేమైనా ఉంటే ముందే అడగమంది. మాస్టారు కోడి దగ్గరనుంచి మొదలుపెట్టాడు.

"స్టేజీ ఎక్కేవాళ్ళు సరదాకి సిద్ధపడే ఎక్కుతారండీ. ఇక్కడ ఎవరూ మీచేత కుప్పిగంతులు వేయించరు."

"మళ్ళీ మేలుకోకపోతే?"

"మీరసలు నిద్రపోరు. నా మాట వినిపిస్తూనే ఉంటుంది. నేను మధ్యలో లేచి వెళ్ళిపోయినా, కాసేపటికి మీరే కళ్ళు తెరిచి నన్ను తిట్టుకుంటూ ఇంటికి పోతారు. మిషన్ మీద పొడుగు కుట్టు వేస్తున్నప్పుడు ఎవరైనా పిలిస్తే మీకు వినిపిస్తుందా?"

"వినిపిస్తుంది గానీ పట్టదండీ. ధ్యాసంతా కుట్టు మీదే ఉంటుంది."

"ఇంచుమించు అలాగే ఉంటుంది."

"అయితే పెళ్ళైన దగ్గర్నుంచీ ఈయన హిప్నాటిజంలోనే ఉన్నారు," అంది భార్య. "నేను పిలిస్తే ఒక్కసారీ పట్టదు."

మాస్టారు గొంతు తగ్గించి అసలు భయం అడిగాడు. "కడుపులోవన్నీ కక్కిస్తారట కదా?"

"చెప్పకూడదనుకున్నది మీరు చెప్పరు," అంది డాక్టరమ్మ. సరిగ్గా అప్పుడే భార్య సంచిలో దొర్లిపోతున్న నీళ్ళసీసాతో కుస్తీపడుతూ ఆ ముక్క వినలేదు.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. డాక్టరమ్మ గొంతు నెమ్మదిగా సాగింది. "ఊపిరి నిదానంగా తీసుకోండి. భుజాలు వదులుగా ఉంచండి."

"ఎంత వదులండీ?"

"మీకెంత హాయిగా ఉంటే అంత."

"కొలతిచ్చేటప్పుడు అందరూ ఇలాగే అంటారండీ. వేసుకున్నాక గొడవకొస్తారు."

డాక్టరమ్మ నవ్వాపుకుని మళ్ళీ మొదలుపెట్టింది. భుజాలు వదులయ్యాయి. ఛాతీ వదులైంది. భుజం, ఛాతీ, తర్వాత ఏం వస్తుందో దర్జీకి తెలియదా? ఆయన నుదుట చెమట పట్టింది. "ఇప్పుడు నడుం..." అందో లేదో, "నడుం వద్దండీ!" అన్నాడు గట్టిగా.

"సరే, నడుం వదిలేద్దాం," అని ఆమె మోకాళ్ళకి వెళ్ళిపోయింది.

వద్దంటే వదిలేశారు. ఎవరూ పట్టకారు పెట్టి లాగలేదు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఆ నిశ్చింతతో నిజంగానే ఒళ్ళు తేలికైంది. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది, భార్య గాజుల చప్పుడూ వినిపిస్తోంది, కానీ ఏదీ పట్టడం లేదు. బల్ల ముందు నిలబడినట్టు ఊహించుకోమంటే ఊహించుకున్నాడు. బల్ల మీద ఏం గుడ్డ ఉందని అడిగితే, నీలం గుడ్డ అన్నాడు. కోస్తే ఏమవుతుందని అడిగింది.

"చాలదు," అన్నాడు మాస్టారు.

"ఏం చాలదో చెప్పాలనుందా?"

"లేదండీ."

"సరే."

ఇది చూసి భార్య ఉండబట్టలేకపోయింది. ఇంత మంచి అవకాశం చేతులారా పోగొట్టుకుంటుందేమిటీ డాక్టరమ్మ! ఆమె వారిస్తున్నా వినకుండా కుర్చీ మీదికి వంగి, "ఏమండీ, నా నడుమెంత?" అంది.

మాస్టారికి ప్రశ్న చక్కగా వినిపించింది. నిజం కూడా చక్కగా గుర్తుంది. కళ్ళు తెరవకుండానే, హాయిగా ఊపిరి పీల్చుకుని, "ఇరవై ఎనిమిది," అన్నాడు.

"చూశారా!" అని ఆవిడ ఎగిరి గంతేసినంత పనిచేసి, ఈ శుభవార్త తమ్ముడికి ఫోనులో చెప్పడానికి వరండాలోకి పరుగెత్తింది.

కళ్ళు తెరిచిన మాస్టారి వంక డాక్టరమ్మ ఓసారి చూసి, తలుపు వంక ఓసారి చూసింది. "ఆ స్థితిలో కూడా మనిషి ఏం కావాలంటే అది చెప్పొచ్చండీ. మీ నాలుక మీ చేతిలోనే ఉందని ఇప్పుడు తెలిసిందిగా. చెయ్యి ఎందుకు ఆగిందో నేను చెప్పక్కర్లేదనుకుంటాను."

ఇక ఆవిడ ఊరుకుంటుందా? బస్సులో పక్కసీటామెకి చెప్పింది. వీధి మొదట్లో కిరాణా కొట్టులో చెప్పింది. "హిప్నాటిజంలో కూడా ఇరవై ఎనిమిదే అన్నారు. సైన్సండీ ఇది!" మాస్టారు వెనకాల దొంగలా నడిచాడు. తన అబద్ధానికి ఇప్పుడు సైన్సు కూడా సాక్ష్యానికొచ్చింది. రేపు బడి తెరిచాక స్టాఫ్ రూంలో ఎవరైనా ఒక టేపు బయటికి తీస్తే నవ్వులపాలయ్యేది తను కాదు, ఆవిడ. కొట్టు తెరిచి, ఆవిడని లోపలికి పిలిచి, తలుపు దగ్గరగా వేశాడు. ఎవరూ నిద్రపుచ్చలేదు, ఎవరూ కక్కించలేదు. రెండు కళ్ళూ తెరుచుకుని తనే చెప్పేశాడు.

"ముప్పై ఆరు."

"ఏంటది?"

"నీ నడుం. నువ్వు అడిగినప్పుడల్లా నీ మొహం చిన్నబోతుందేమోనని... చెప్పలేకపోయాను. గుడ్డ చాలదు."

ఆవిడ మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. "మొత్తం బడికి చెప్పాను! ఆ కిరాణా కొట్టులో కూడా చెప్పాను కదండీ ఇప్పుడే!" అని, తలుపు ధడాలున తీసుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో ఆ పూట గిన్నెలు మాత్రమే మాట్లాడాయి. బావమరిది రాయబారం వచ్చి, అక్క చూసిన చూపుకి మెట్ల మీదనుంచే వెనక్కి తిరిగాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ కొట్టుకొచ్చింది. బల్ల ముందు నిలబడి చేతులు రెండూ పక్కలకి చాపింది. "కొలవండి. అంకెలు నా వైపుకి ఉండాలి."

మాస్టారు టేపు చుట్టాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తనే చదువుకుంది.

"ముప్పై ఏడు! నిన్న ముప్పై ఆరన్నారు?"

"అంటే... నిజం చెప్పేటప్పుడు కూడా కొంచెం..."

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది, ఆ ముప్పై ఏడు అంగుళాలూ కదిలేలా నవ్వింది. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, అవి దేనివో ఆవిడకే తెలియలేదు. "పిచ్చి మనిషీ," అంది బల్ల మీదున్న పీలికతో కళ్ళు తుడుచుకుంటూ. "ఇన్నేళ్ళు ఒక్కరే మోశారా దీన్ని?"

మాస్టారు నీలం గుడ్డ పరిచి, సుద్దతో ముప్పై ఏడుకి గీతలు గీశాడు. రెండు పక్కలా గుడ్డ చాలక ఖాళీ తేలింది. "ఇక్కడ వేరే ముక్కలు వెయ్యాలి. అదే నీలం దొరకదు. మడతలోకి పోయేలా, ఎవరికీ తెలియకుండా కుడతాను."

"వద్దు," అంది హెడ్మిస్ట్రెస్. "ఎర్రవి వెయ్యండి. కనబడేలా వెయ్యండి."

మాస్టారు కత్తెర తెరిచి గుడ్డ అంచుకి ఆనించాడు. వేళ్ళు ముడుచుకున్నాయి.