ఉపగ్రహానికి కనబడిన తెల్లచారలు

కుప్పంలో ఒక అంతరిక్ష కంపెనీ ఉద్యోగులను తీసుకుంటోందని తెలిసి, మా పెద్దమ్మ కూతురూ నేనూ పుంగనూరులో పొద్దున్నే బస్సెక్కాం. ఆ ఉద్యోగం అక్కకే అవసరం. డిగ్రీ చదివి కూడా మదనపల్లె మార్కెట్లో టమోటాలు ఏరుతోంది. కుళ్లిన కాయల వాసన జుట్టులోంచి పోవడం లేదని రోజూ అంటుంది. నేను ఇంట్లో తిట్లు తప్పించుకోవడానికి వెళ్లాను, అంతే.

పనల్లా కంప్యూటరు ముందు కూర్చుని, ఉపగ్రహం తీసిన ఫొటోల్లో ఏది చేను, ఏది చెరువు అని గుర్తు పెట్టడం. దానికి కల్యాణమండపంలో చేసిన హంగామా అంతా ఇంతా కాదు. పెళ్లిపూలు ఇంకా వాడిపోతున్న వేదిక మీద అంగారకుడి బొమ్మ. మమ్మల్ని వ్యోమగాములన్నారు. దరఖాస్తులు పంచేముందు పది నుంచి వెనక్కి లెక్కబెట్టి, సున్నా అనగానే అందరినీ ఎగరమన్నారు. కూతురికి తోడుగా గుడుపల్లె నుంచి వచ్చిన పెద్దాయన కూడా పంచె పట్టుకుని ఎగిరాడు.

ఇద్దరిద్దరిని లోపలికి పిలిచారు. తిరిగిరాని అంగారక యాత్రకు సిద్ధమేనా అని ఇంటర్వ్యూ చేసే సారు మమ్మల్నిద్దరినీ అడిగాడు. బెంగళూరు దాకా ఎవరన్నా బండిలో దింపితే మిగతా దూరం నేను చూసుకుంటానన్నాను. నవ్వాడు. అక్క మాత్రం ఉన్నమాటే చెప్పింది.

"నేను యాడికీ పోను సార్. సాయంత్రం బస్సుకు ఇంటికి పోవాల."

సారు ఏదో రాసుకున్నాడు. తర్వాత ఒక ఫొటో చూపించి, ఇదేమిటని అడిగాడు. గుట్ట పక్కన ఎర్రనేల మీద తెల్లటి చారలు. ఆయన ముందున్న కాగితంలో జవాబు: నీటికాలువలు.

"కాలవలు కాదు సార్," అంది అక్క. "టమోటా సాళ్ల మీద పరిచే ప్లాస్టిక్ కాయితం అది."

కాలువలని చెప్పింది మనిషి కాదనీ, తమ కంపెనీ ఏఐ అనీ సారు చెప్పాడు.

"అయితే దాన్నొకసారి మా చేలపక్కకు పిల్చుకోని రాండి సార్."

ఆయన మొహం ముడుచుకుని, నువ్వేమంటావని నన్నడిగాడు. ఆ ప్లాస్టిక్ కాగితానికి చిల్లులు పెట్టి నారు నాటినవాణ్ణి నేను. కానీ ఎవరైనా ఒకసారి నవ్వితే, రెండోసారి నవ్వించేదాకా ఆగలేను.

"కాలవలే సార్. మా అక్కకు చందమామ కూడా టమోటా మాదిరే కనపడతాది."

సారు బల్ల చరిచి మరీ నవ్వాడు. నాకు ఉద్యోగమిచ్చాడు. అక్కకు నాలెడ్జ్ ఉంది గానీ ఆర్బిట్ మైండ్‌సెట్ లేదన్నాడు.

తిరుగు ప్రయాణంలో పలమనేరు స్టాండులో అక్క ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు కొని, సగం నా ఒళ్లో పోసింది.

"అది కాయితమని నీకు తెలుసు కదప్పా."

తెలుసన్నాను. అక్క కిటికీ వైపు తిరిగింది.

శిక్షణ మొదటిరోజున తెర మీద అదే ఫొటో. కింద 'ప్లాస్టిక్ పరిచిన టమోటా చేను' అని రాసుంది. మన ఏఐ స్వయంగా నేర్చుకుందని సారు చెప్పాడు. చప్పట్లు. సందేహాలుంటే అడగమన్నాడు. నేను లేచాను. అప్పటికే నాకు నవ్వించేవాడినని పేరొచ్చింది కాబట్టి, నోరు తెరవకముందే ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఆ జవాబు మా అక్కది సార్. నా పక్క కుర్చీలో కూచోని మీకు చెప్పింది."

హాలంతా ఘొల్లుమంది. అందరికన్నా ఎక్కువ నవ్వింది సారే. కళ్లు తుడుచుకుని, తర్వాతి ఫొటో పెట్టమన్నాడు.