కోదాడలో గుచ్చిన ఎర్ర పెన్‌డ్రైవ్

నా చీటీ ప్రోగ్రాం కంప్యూటర్‌ను నీళ్లలో ముంచి తీసినా నడుస్తుందని సూర్యాపేట మిల్లులో చూపించేటప్పుడు చెప్పాను. మిర్యాలగూడలో చెప్పేటప్పటికి ఆ నీళ్లు సాగర్ కాలువయ్యాయి. రెండుచోట్లా నా ముందే నడిచింది కాబట్టి, నా కోతలు నేనే నమ్మాను.

మిర్యాలగూడ మిల్లులో కాంటా ఎక్కిన ప్రతి ట్రాక్టర్ వివరాలూ ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా వస్తాయి. అందులో వడ్ల రకానికి ఒక నంబరే ఉంటుంది. దాన్ని చీటీగా మార్చడానికి నేను రాసిన సూచనల ఫైలు, అంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్, ఆ నంబరును ఇంకో ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో వెతికి, రకం పేరు తెచ్చి గేటు చీటీ మీద వేస్తుంది. పేరు లేని చీటీకి గేటు తీయరు. సన్నవడ్ల కుప్పలో దొడ్డువడ్లు కలిస్తే రెండూ పాడు. చేత్తో రాసిన చీటీ చెల్లదని యజమానిని ఒప్పించిన ఘనుణ్నీ నేనే.

పొద్దున అక్కడ అంతా బిగించి, మధ్యాహ్నానికి కోదాడలో ఇంకో మిల్లుకు చూపిస్తున్నాను. చీటీ చక్కగా వచ్చింది. అంతలో ఫోన్. మిర్యాలగూడలో కాంటా చూసే అక్క.

"తమ్మీ, నువ్వు పోయినంక వచ్చిన మొదటి బండికే చీటీల రకం పేరు వస్తలేదు. జర జల్ది సూడు. మబ్బు కమ్మింది. పెన్‌పహాడ్ నుంచి వచ్చిన పెద్దాయన గేటు ముందట్నే ఉన్నడు. ట్రాక్టర్ మీద కప్పేటందుకు పట్టా గూడ లేదు."

"హైదరాబాద్‌ల సర్వర్ పన్నదక్కా," అన్నాను. అసలు సర్వరే లేదు.

"అయితే లేపు! ఈడ చినుకులు షురువైనయ్."

వెనక నుంచి పెద్దాయన గొంతు వినబడింది. "పంటంతా గిదే బిడ్డా. తడిస్తే ఎవలు తీసుకుంటరు?"

అప్పుడు నా చూపు ఎదురుగా కోదాడ కంప్యూటర్‌కు గుచ్చి ఉన్న ఎర్ర పెన్‌డ్రైవ్ మీద పడింది. స్టైల్‌షీట్‌లో రకాల ఫైలుకు ఇ డ్రైవ్ నుంచి మొదలుపెట్టి పూర్తి దారి రాశాను. ఆ ఇ డ్రైవ్ ఇదే. ఎక్కడికి పోయినా దీన్ని గుచ్చి, చూపించి, శభాష్ అనిపించుకుని, జేబులో వేసుకుని వస్తున్నాను.

రకాల ఫైలు అక్కకు వాట్సాప్‌లో పంపి, స్టైల్‌షీట్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టమన్నాను. పెట్టింది. మళ్లీ ఖాళీయే. స్టైల్‌షీట్ ఇంకా అక్కడ లేని ఇ డ్రైవ్‌లోనే వెతుకుతోంది.

"అక్కా, స్టైల్‌షీట్ నోట్‌ప్యాడ్‌ల తెరువు. ఫైలు పేరుకు ముందున్నదంతా, ఆఖరి ఏటవాలు గీత దాకా తుడిచెయ్. పేరొక్కటే ఉండాలె."

రేకుల మీద చినుకుల చప్పుడు మధ్య అక్క కీబోర్డు టకటకలాడించింది.

"ఇప్పుడు అసలు చీటీనే వస్తలేదు తమ్మీ! ఏదో ఎర్రగ రాస్తంది."

"పేరుకు ముందున్న కొటేషన్ గుర్తు గూడ తుడిచినవా?"

"తుడువమంటివి గద!"

"అదొక్కటి మళ్ల పెట్టక్కా."

ప్రింటర్ గరగరలాడింది. "సన్నాలు!" అని అక్క అరిచింది. గేటు ఇనుప చక్రాలు కదిలిన చప్పుడు ఫోన్‌లో విన్నాను.

"పై రెండు బస్తాలే తడిసినయ్. సర్వర్ లేసిందా తమ్మీ?"

"సర్వర్ లేదక్కా. తప్పు నాదే."

"నాకు ఎర్కనే. పెద్దాయనకు చెప్పు," అని ఫోన్ ఆయన చేతికిచ్చింది. చెప్పాను. అవతల ట్రాక్టర్ స్టార్టైన చప్పుడు వినబడింది.

కోదాడ యజమాని నన్నే చూస్తున్నాడు. పెన్‌డ్రైవ్ పీకి, చీటీ మళ్లీ కొట్టాను. రకం గడి ఖాళీగా వచ్చింది.

"అదేంటండీ, ఇందాక వచ్చిందిగా?"

"ఇందాక నేను అబద్ధం చూపించానండీ," అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.