కొసరు కరివేపాకు

మొన్న దోహాలో మా తమ్ముడింటి దగ్గర కొట్లో కూరగాయల అర ముందు నిలబడితే గుప్పున కరివేపాకు వాసన వచ్చింది. ప్లాస్టిక్ పొట్లంలో నాలుగైదు రెబ్బలు. పైన చీటీ మీద మూడు రియాళ్ళు, మన డబ్బుల్లో డెబ్బై రూపాయల దాకా. పొట్లం చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను. "ఏంటన్నయ్యా, కరివేపాకు ఎప్పుడూ చూడనట్టు?" అన్నాడు తమ్ముడు. మస్తాన్ గారు గుర్తొచ్చారు.

విజయవాడలో నేను చేరిన పత్రికలో బజారు ధరల పట్టిక చూసేది ఆయనే. ఫోనులో అడిగి రాయడం ఆయనకు గిట్టదు. పొద్దున్నే నన్ను రైతు బజారుకు వెంటబెట్టుకెళ్ళి, కొని మరీ ధర రాయించేవారు. కూరలమ్మే ఆవిడ కొసరుగా సంచిలో కరివేపాకు పడేస్తే దానికీ చిల్లర తీసి ఇచ్చేవారు.

"కరివేపాక్కి డబ్బులేంటి సాయిబు గారూ, నలుగురూ నవ్విపోతారు" అనేదావిడ.

"నీకెవరన్నా ఊరికే ఇచ్చారా అమ్మా? కొనే తెచ్చావుగా. ఉంచు."

అదంతా చాదస్తమనుకునేవాణ్ణి, కంకిపాడు అవతల పొలాల్లో వరద నీళ్ళు నిలిచేదాకా. పంట నష్టం రాసుకునే చోటికి వార్త కోసం ఇద్దరం వెళ్ళాం. వరి వాళ్ళకు రాశారు, అరటి వాళ్ళకు రాశారు. తర్వాత వెంకాయమ్మ గారనే రైతు వంతు. ఉన్న అరెకరంలో వేసిన కరివేపాకు తోట మొదలంటా కుళ్ళిపోయింది. గుమస్తా తలెత్తాడు.

"దీనికి రేటేదమ్మా? మా జాబితాలో లేదు, పేపర్లోనూ లేదు. ఊరికే ఇచ్చే ఆకుకి నష్టం ఎంతని రాయను?"

వెటకారమైనా లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగాడు. ఆ పేపరు మాదే. వెంకాయమ్మ గారు పక్కకు జరిగి వెనకవాళ్ళకు దారిచ్చారు.

"చిల్లర ఇచ్చాను గానీ, పట్టికలో ఎక్కించాలని తోచలేదయ్యా" అన్నారు మస్తాన్ గారు, తిరిగొచ్చే బస్సులో.

మర్నాడు పట్టికలో టమాటా కింద కరివేపాకు చేరింది. "రేపు గడ్డిపరకక్కూడా వేస్తారా గురువు గారూ?" అని ఆఫీసులో నవ్వారు. ఆయన రిటైరయ్యాక చోటు చాలదని ఆ వరుస తీసేశారు. పట్టిక నా చేతికొచ్చాక మళ్ళీ చేర్చాను.

దోహాలో ఆ పొట్లం కొన్నాను. దాని మీద తూకం ఉంది, ప్యాక్ చేసిన తేదీ ఉంది, ఇండియా అని ఉంది. తోటవాళ్ళకు ఎంత ముట్టిందో లేదు. ఇక్కడ విజయవాడ బజారులో కరివేపాకుకి నేనూ చిల్లర ఇస్తాను, అమ్మేవాళ్ళు నవ్వుతూనే తీసుకుంటారు. వెంకాయమ్మ గారికి పరిహారం ఇంకా రాలేదు.