నడిమి గోడ

“గోడంటే అడ్డం గాక ఇంకేంది టీచరమ్మా? కొడుకులిద్దరి మధ్యా అడ్డం పడింది ఆ ముసల్ది. తప్పంతా ఆ యమ్మదే!”

“నువ్వు గోడను ఎదురుగా నిలబడే చూస్తాండావు నరసమ్మా. ఒకసారి తలెత్తి పైకి చూడు.”

“పైన బూజు తప్ప ఏముంటాది?”

“చూసి చెప్పు. చూడకుండా తప్పు అంటగట్టద్దు.”

చెనక్కాయలు ఒలిచేటప్పుడు పొట్టులోంచి లేచే మట్టి వాసన ఇప్పటికీ నాకు, టీచరమ్మతో నేను పెట్టుకున్న ఆ వాదననే గుర్తుకు తెస్తుంది. రాజుపాలెం దగ్గర మా పల్లెలో బడికి ప్రొద్దుటూరు నుంచి వచ్చి, మా వీధిలో బాడుగకుండేది సావిత్రమ్మ టీచరు. సెలవురోజు మేము కాయలు ఒలుస్తుంటే కథలు చదివేది. మూడో తరగతితో బడి మానిన నన్ను ఊరికే విననిచ్చేది కాదు. “నీకేమనిపించింది?” అనేది. అంతకుముందు నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. తర్వాత ఆమె పులివెందులకు బదిలీ అయిపోయింది. ఆ అడగడం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. మనవరాళ్లను తిట్టేముందు కూడా అడుగుతాను. తిట్టడం మాత్రం మానను.

ఆనాటి కథలో పోట్లాడుకున్న అన్నదమ్ములు, నువ్వు ఎవరి పక్కో చెప్పమని తల్లిని నిలదీస్తారు. “నేను మీ రెండిళ్ల నడిమి గోడను” అంటుందామె. అది నాకెందుకు గుచ్చుకుందంటే, ఆ ఏడు వచ్చిన ఎన్నికలతో మా ఆయనొక పార్టీ, ఆయన అన్న, మా బావ, ఇంకో పార్టీ అయ్యారు. ఊళ్లో అప్పటికే తలలు పగిలాయి. మా రెండిళ్ల మధ్య గోడలో చిన్న కిటికీ ఉండేది. అగ్గిపుల్ల దండగని నేను నిప్పు అడిగేదీ, బావ భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి, మజ్జిగ అందించేదీ అందులోంచే. కథ విన్న రోజే మా ఆయన, మరునాడు వచ్చి దాన్ని నాపరాయితో మూసేయమని మేస్త్రీకి చెప్పి వచ్చాడు.

ఆ సాయంత్రం కసువు ఊడుస్తూ తలెత్తాను. ఈ పక్క నుంచి మా దూలాలు, కిటికీలోంచి చూస్తే ఆ పక్క నుంచి వాళ్లవి, అన్నీ ఆ ఒక్క గోడ మీదే ఆనుకున్నాయి. రెండు గోడలు దండగని మా మామ కట్టించిన గోడ. కథలో తల్లి అడ్డం పడలేదు. రెండు కప్పులూ మోసింది.

“కిటికీ మూయద్దు,” అన్నాను మా ఆయనతో.

“ఏంది, వాళ్ల పక్కనా నువ్వు?”

“నీ నెత్తిన కప్పు దేనిమీద నిలబడిందో చూడు పో.”

ఆయన చూడలేదు. చెంబు విసిరికొట్టి వెళ్లాడు.

మరునాడు పొద్దున మేస్త్రీ వచ్చాడు. నేను కిటికీ కింద చాట పెట్టుకుని కాయలు ఒలుస్తున్నాను.

“జరుగమ్మా.”

“కాయలు అయిపోనీప్పా.”

అతను ఎండెక్కేదాకా కూర్చుని, తాపీ తీసుకుని వెళ్లిపోయాడు. నా తల మీదుగా అక్క మజ్జిగ చెంబు అందించింది.